కడగని వేపాకులు

మాచర్లలో మా వీధి చివర పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఉంది. దాని గోడ పక్కనే ఒక వేపచెట్టు. మా వీధికున్న చెట్టు అదొక్కటే.

మా పాపకి కడుపునొప్పి ఎంతకీ తగ్గకపోతే రక్తపరీక్ష చేయించాం. ఒంట్లో సీసం ఉందన్నారు. ఆరేళ్ల పిల్ల ఒంట్లో సీసం! నేను బడిలో సైన్సు చెబుతాను. ఆ వేపాకులు కోసి, సగం కడిగి, సగం కడగకుండా గుంటూరు ల్యాబుకి పంపాను. కడగని ఆకుల్లో సీసం విపరీతంగా ఉంది, కడిగినవాటిలో కొంచెమే. అంటే అది షెడ్డు పొగతో గాలిలోంచి వచ్చి ఆకుల మీద పడ్డదే. ఆ కాగితం పట్టుకుని పొల్యూషన్ ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా, సోమవారం వస్తామన్నారు. వాళ్ల కళ్లముందు చెట్టు నుంచి కోసిన ఆకులే చెల్లుతాయట.

షెడ్డు యజమానిని వీధంతా బాబాయ్ అంటుంది. ఎండాకాలం మజ్జిగ పోయిస్తాడు, ఎవరు పోయినా షామియానా వేయిస్తాడు. ఈ సంగతి తెలిశాక ఆయన ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెప్పాడు.

"ఆ చెట్టులో విషం ఉందంట. టీచరమ్మే టెస్ట్ చేయిచ్చింది."

నా రిపోర్టునే నా మెడకి చుట్టాడు, దొంగ వెధవ.

శనివారం బడి నుంచి వచ్చేసరికి చెట్టు లేదు. రంపం మిషను వాళ్లకి ఆయనే టీలు ఇప్పిస్తున్నాడు. మా అత్తగారు కొంగు నడుముకి దోపుకుని, చెమటలు కక్కుతూ ఎదురొచ్చింది.

"ఏమే, చూశావా? దగ్గరుండి కొట్టిచ్చా. నీ మొగుడికి అమ్మవారు పోస్తే ఈ ఆకుల మీదే పడుకోబెట్టా. అయితే ఏంది, నా మనవరాలి కంటే ఎక్కువా?"

మెచ్చుకుంటానని నిలబడింది. చెంప పగలగొడదామనిపించింది. ఆవిడ కళ్లల్లో నీళ్లు చూసి లోపలికి పోయాను.

సోమవారం ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి మొద్దు చూశాడు. నేను ఏరి దాచిన గుప్పెడు ఆకులు చూపిస్తే, "ఇవి ఏ చెట్టువో ఎవరికి తెలుసమ్మా?" అన్నాడు. షెడ్డాయన ఆయనకి కుర్చీ వేయించి కూల్‌డ్రింక్ తెప్పించాడు. వెనక గొట్టంలోంచి పొగ వస్తూనే ఉంది. ఆ వేపకొమ్మలతోనే కొలిమి రాజేశారు.

ఆఫీసరు వెళ్లాక షెడ్డాయన నా పక్కనున్న పాప తల నిమిరాడు.

"ఇంక భయం లేదులే తల్లీ. విషం చెట్టు కొట్టిచ్చాంగా."

పాప ఆయనకి థాంక్యూ తాతా అంది. పెద్దవాళ్లు మంచి చేస్తే అలా అనాలని నేర్పింది నేనే.