గోడ మీద నవ్విన మనిషి

మూడేళ్ల కిందటి మాట. నారాయణగూడ దగ్గర బస్సు ట్రాఫిక్‌లో ఆగిపోతే, నేను ఫోన్‌లో ఒక ఊరి ఫోటోలు చూసుకుంటున్నాను. బొగ్గుబాయి మూతపడ్డాక జనమంతా వదిలేసి వెళ్లిన ఊరు అది. ఏళ్ల తర్వాత చిత్రకారులు వచ్చి, పాడుబడ్డ క్వార్టర్ల గోడల మీద బొమ్మలు వేశారు. ఇప్పుడు సెలవొస్తే చాలు, వాటిని చూడడానికి జనం బస్సులు మాట్లాడుకుని వెళ్తున్నారు.

పక్క సీట్లోని పెద్దావిడ నా చేయి పట్టుకుంది. "జర ఆ బొమ్మ మళ్ల చూపియ్యి బిడ్డా."

ఒక క్వార్టరు తలుపు పక్కనే గోడ మీద, తలమీద లైటున్న టోపీతో నవ్వుతున్న కార్మికుడి బొమ్మ అది. ఆమె చాలాసేపు చూసింది.

"మా ఇంటాయన. సైరన్ కూయంగనే గా తలుపు కాడనే సద్ది కట్టిచ్చేదాన్ని. బాయి బంద్ అయినంక ఎక్కువ రోజులు బతకలే." బొమ్మ ముఖం మీద వేలు పెట్టి, "ఆయన గింత నవ్వెటోడు కాదు. పోనీ, మంచిగనే ఉన్నడు. కింద పేరు రాసిండ్రా?" అని అడిగింది.

లేదన్నాను. ఆయన పేరేమిటని అడిగితే ఇబ్బందిగా అటూ ఇటూ చూసింది. పెళ్లయిన నాటి నుంచి భర్త పేరు పలికి ఉండదు. చిక్కడపల్లి స్టాపు వచ్చాక లేచి, నా చెవి దగ్గరికి వంగి, "రాజలింగు" అని చెప్పి దిగిపోయింది.

ఆ చలికాలం నేనూ ఆ ఊరు వెళ్లాను. గైడ్ ఆ గోడ ముందు ఆగి, "ఈయన ఎవరో పాత కార్మికుడు" అన్నాడు.

"ఆయన పేరు రాజలింగు" అన్నాను.

"మీకెట్ల తెలుసు మేడం?"

"వాళ్ల ఇంటామె చెప్పింది."