మేకల కాళ్లకు అడ్డమొచ్చిన కొక్కాలు

నా రెండు కాళ్లు పనిచెయ్యవు. అందుకే నా వ్యాన్‌ల డ్రైవర్ సీటు ఉండదు. చక్రాల కుర్చీతోనే ఎక్కి, దాన్ని కింది రేకుకున్న నాలుగు కొక్కాలకు బెల్టులతోని బిగించుకుంట. బ్రేకు, రేస్ రెండూ చేతితోనే.

నిన్న మా బామ్మర్ది మల్లేష్ ఆ వ్యాన్ అడిగి తీస్కొని, స్టీరింగ్ ముందట ప్లాస్టిక్ కుర్చీ ఏసుకొని, మేకలను సంతకు తీస్కపోయిండు. ఇయ్యాల పొద్దుగాల నేను ఎక్కి చూస్తే కొక్కాలు లెవ్వు. దవాఖానకు యాళ్లయితాంది. మేకల తాడు ఒకటి లోపల్నే పడి ఉంటే, మా ఇంటామెతో కుర్చీని దాంతోనే పక్క కడ్డీకి కట్టిచ్చుకొని బయలుదేరిన.

జడ్చర్ల రోడ్డు మీద ఆటో అడ్డమొచ్చింది. బ్రేకు కొట్టిన. వ్యాన్ ఆగింది, నేను ఆగలె. ఛాతి పోయి స్టీరింగ్‌కు గుద్దుకున్నది. పక్కకు ఆపి మల్లేష్‌కు ఫోన్ చేసిన.

"కొక్కాలేవిరా?"

"మేకల కాళ్లకు తాకుతున్నయని సుత్తెతోని ఊడగొట్టి పడేసిన బావా."

"మరి నేనెట్ల?"

"నువ్వు కూసునే ఉంటవ్ గద బావా, ఏడికి పోతవ్?"

తిట్టబుద్ధి కూడ కాలె. నేనంటే పానం వానికి. పొద్దుగూకంగ వచ్చి నా ఛాతికి మందు రాసి, "ఇది గట్టిది బావా" అని కొత్త తాడు చేతిల పెట్టి పోయిండు. కొక్కాలు వెల్డింగ్ చేసినాయన దుకాణం ఎత్తేసిండు. రేపు కూడ తాడే. మీ ఇండ్లల్ల గూడ ఇంత ప్రేమున్నోళ్లు ఉంటే, వాళ్లకు సమజయ్యేటట్టు ఎట్ల చెప్తరో జర నాకు చెప్పుండ్రి.

మేకలకైతే ఒక్క గీత కూడ పడలేదంట.