ఉరుకుందమ్మ ఇంటి రెండు గోడలు

ఆదోనిలో పరుపులు కుట్టే రసూల్ కూతురు ఉరుకుందమ్మ ఒక యూనివర్సిటీ మొత్తాన్ని దూది ఏకినట్టు ఏకి, దిండులో కూరి, మూతి కుట్టేసింది. రిజిస్ట్రారు ఇప్పటికీ ఆ దిండులోనే తుమ్ముతాండాడంట.

జరిగిందేమంటే, ఆయమ్మికి దూదేకుల కులం కింద బీసీ కోటాలో ఎమ్మే సీటు వచ్చింది. చేరిన నెలకే యూనివర్సిటీవాళ్లు తీసేసినారు. దూదేకులవాళ్లు ముస్లింలు కదా, ఉరుకుంద ఈరన్న దేవుడి పేరు ఎట్లా పెట్టుకుంటారు, నీది దొంగ కులం సర్టిఫికెట్టు అన్నారు. ముందు పుట్టిన బిడ్డలు దక్కక, వాళ్లమ్మ గుల్జార్ బీ ఈరన్నకు మొక్కుకున్నాక పుట్టిన పిల్ల. దూదేకుల ఇండ్లలో ఇదేమన్నా వింతా? పేరు చూసి చదువు పీకేసే హక్కు ఎవరిచ్చినారని ఆయమ్మి హైకోర్టులో కేసు వేసింది.

ఆ రోజు నుంచి ఆయమ్మికి అందరి మీదా అనుమానమే. పాలాయన "కేసు ఏమాయెనమ్మా" అంటే ఆ పూట పాలు ముట్టేది కాదు.

వాయిదా దగ్గర పడినాక, ఎమ్మిగనూరు నుంచి ఒకాయన ఆటోలో పరుపు వేసుకొని వచ్చినాడు, ఏకి కుట్టమని. ఎమ్మిగనూరులో ఏకే మిషన్లు లేవా? పైగా పరుపు కొత్తది, యాడా గడ్డ కట్టలేదు. ఆయన కండ్లు పరుపు మీద లేవు. తలుపు సందులోంచి ఇంట్లో గోడలు వెతుకుతాండాయి.

గుల్జార్ బీ కూతురిని పక్కకు లాగింది. "ఈరన్న పటం తీసేస్తా మే. వీడు యూనివర్సిటీవాళ్ల మనిషే. పోయి చెప్పినాడంటే నీ సీటు గోవిందా."

"తీస్తే అప్పుడు నిజంగానే దొంగలమైతాం," అని ఉరుకుందమ్మ బయటికి వచ్చింది. "లోపలికి రా అన్నా, నీళ్లు తాగుదువు."

ఆయన నీళ్లు తాగుతానే ఈరన్న పటాన్ని ఫోటో తీసేకి ఫోన్ ఎత్తినాడు.

"ఆ గోడ కూడా తీయన్నా," అని ఎదురుగా ఉన్న మక్కా పటం చూపించింది. "సగం ఇల్లే తీసుకపోతే మీ సారు తిట్టడూ?"

"ఏ సారమ్మా? నేను పరుపు కోసం..."

"సరే, పరుపు కోసమే తీయి."

ఆయన చెమట తుడుచుకొని తీసినాడు. ఉరుకుందమ్మ కూడా తన ఫోన్లో తీసింది. రెండు గోడలూ, మధ్యలో ఆయన.

కోర్టులో యూనివర్సిటీ వకీలు ఈరన్న పటం ఉండే ఒక్క గోడే ఫోటోలో చూపించినాడు. ఈమె వకీలు ఈమె తీసిన ఫోటో ముందు పెట్టినాడు. ఆ తర్వాత సంగతి ఆదోని మార్కెట్ యార్డులో ఎవరినైనా అడగండి. జడ్జి కుర్చీలోంచి లేచి, రెండు గోడలకూ దండం పెట్టి, "ఈ తల్లిని ఏనుగు మీద క్లాసుకు తోలుకపోండి" అన్నాడు.

ఇది చెవిన పడితే ఉరుకుందమ్మ అన్న మాట: "జడ్జి లేయలేదు. ఫోటోలో ఈ మనిషి ఎవరని అడిగినాడు. వాళ్ల వకీలు చెప్పలేకపోయినాడు. తీర్పు వచ్చేదాకా నన్ను క్లాసులో కూర్చోనీయమని జడ్జి అన్నాడు. కూర్చుంటాండాను. తీర్పు ఇంకా రాలేదు."