తుమ్మ మీది బంగారు పురుగు

"గట్టు మీద తుమ్మలు కొట్టించమాకే. పురుగులకి నీడ పోద్ది."

"ఇప్పుడు కూడా పురుగులేనా? మరి నన్నెవరికి అప్పజెబుతున్నావయ్యా?"

"నీకేందే. నువ్వు గట్టిదానివి."

నరసరావుపేట ఆసుపత్రిలో మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివి. నిన్న బొగ్గుల బట్టీవాడు రంపం మిషనుతో మా చేలోకి వచ్చినప్పుడు అవే మళ్లీ చెవిలో పడ్డాయి. వాణ్ణి రమ్మన్నది నేనే. ఆ పురుగుల మీద నా కసి అలాంటిది.

పురుగంటే చీడపురుగు కాదు. నెమలి మెడలా మెరిసే బంగారు పురుగు. తొలకరి పడగానే తుమ్మాకు తినడానికి వస్తుంది. దాని పిల్లలు మట్టిలో వేర్లు తిని పెరుగుతాయని, ఆయన ఆ చెట్ల కింద నాగలి కూడా పెట్టనిచ్చేవాడు కాదు. ఏటా మొదట దొరికినదాన్ని అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి దాచి, ఈపూరులో ఉన్న అక్కకు తీసుకెళ్లేవాడు. అంటే మా వదినకు. నాకు సంతకం మించి రాదు కాబట్టి ఇది రాస్తున్నదీ ఆవిడే. పురుగు చచ్చాక రెక్క కత్తిరించి బొట్టుగా అంటించుకునేది. ఆ పచ్చ బొట్టు ఆవిడ నుదుట తళుక్కుమంటే నాకు కడుపు మండిపోయేది. ఉన్నదున్నట్టు రాయి వదినా, దాటెయ్యకు.

పెళ్లయిన కొత్తలో ఆయన చొక్కా జేబులో అగ్గిపెట్టె కనబడింది. మా పుట్టింటి ఊళ్లో కంసాలి మెట్టెలు అగ్గిపెట్టెలోనే పెట్టి ఇచ్చేవాడు. నాకే తెచ్చాడని మురిసిపోయి, తలుపు దగ్గరకు వేసి పెట్టె తెరిచాను. పురుగు బుర్రుమని లేచి ముక్కుకు కొట్టుకుంది. కెవ్వుమన్నాను. అది కిటికీలోంచి పోయింది. ఆయన తిట్టలేదు. "అక్కకేం జెప్పాలే?" అని దిగాలుపడ్డాడు. మెట్టెల సంగతి నేను ఎత్తలేదు.

ఇప్పుడా పురుగులెక్కడివి? కొండ వార తుమ్మలు నాపరాయి క్వారీకి పోయాయి. వాగు ఒడ్డువి బొగ్గయ్యాయి. మిరప చేల మందు వాసనకు తక్కిన పురుగులు రాలిపోయాయి. ఇక ఉన్నవి మా గట్టువే.

కబురు తెలిసి వదిన నిన్న ఆటో దిగి ఒగర్చుకుంటూ వచ్చింది. "ఏమే, నా తమ్ముడు సాకిన చెట్లు! నీకు చేతులెట్టా వచ్చినయ్?"

"నీ బొట్టు కోసం సాకాడులే. నాకు ఒక్కటన్నా చూపించాడా?"

"ఓసి పిచ్చిదానా! అగ్గిపెట్టె తెరిచి కెవ్వుమన్నావంటగా. నీకు పురుగంటే చానా భయమని, నీకు కనబడనీకుండా తెచ్చేవాడే!"

అప్పటికే మిషను మోగుతోంది. చెట్టుకు అడ్డం పోయి నిలబడ్డాను. "ఆపు నాయనా. కొట్టమాక." వాడు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కింది కొమ్మ మీద ఒక పురుగు ఆకు నములుతూ కూర్చుంది, దానికేం పట్టనట్టు. మెల్లగా అరచేతిలోకి తీసుకున్నాను. వదిన చెయ్యి చాచింది. ఇవ్వలేదు. ఈ ఏటి మొదటిది నాది. ఆయన లేని నుదుటికి ఇంకేం బొట్టు? కాసేపు చూసుకుని మళ్లీ కొమ్మ మీదే వదిలేశాను.

తొలకరి ఏడాది తిరిగేసరికి వస్తుంది, దాంతో పురుగూ వస్తుంది. మెట్టెలనుకున్నానయ్యా అని ఆయనకు చెప్పే రోజే ఇక రాదు. ఏదీ వదినా, ఒకసారి చదివి వినిపించు. నీ బొట్టు దగ్గర ఏమన్నా మార్చావేమో చూస్తాను.