మాట పోయిన పూటే మళ్లీ వచ్చింది

2009లో, పల్లికాయ పీకే రోజులు. తిమ్మాజిపేట దగ్గర మా చేనులో కూలీలతో పాటు నేనూ కాయ తెంపుతున్నాను. చేతిలోని మొక్క జారి పడింది. తీసుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. ఏమైందని నా భార్య అంజమ్మ అడిగింది. ఏమీ కాలేదు అనబోతే మాట రాలేదు, ఉత్త శబ్దం వచ్చింది. నొప్పి లేదు. అందుకే భయం కూడా వెంటనే పుట్టలేదు.

అందరూ చుట్టూ చేరారు. వడదెబ్బ అన్నారు, నీళ్లు తాగించమన్నారు. పక్షవాతానికి పసరు పోసే ఊరికి తీసుకుపోదామన్నాడు మా పెదనాన్న. అన్నీ వినిపిస్తున్నాయి, అర్థమవుతున్నాయి, ఒక్కదానికీ జవాబు చెప్పలేను. నా మూతి ఒక పక్కకు వంకరపోవడం అంజమ్మ చూసింది. ఆమె తండ్రి అట్లాగే మూతి వంకరపోయి, పసరు తాగుతూ ఏళ్ల తరబడి మంచంలో ఉన్నాడు.

"నోట్ల ఏం పొయ్యకుండ్రి. జీపు తెమ్మనుండ్రి, పట్నం పోతం" అంది.

హైదరాబాదు దవాఖానలో డాక్టరమ్మ మొదట అడిగింది, నేను చివరిసారి ఎప్పుడు బాగున్నానని.

"బడిల పగటన్నం గంట కొట్టినప్పుడు నాతోని మంచిగనే మాట్లాడిండు మేడమ్" అంది అంజమ్మ.

సీటీ స్కాన్ చూసి ఆమె చెప్పింది: "ఇది స్ట్రోక్. మెదడు రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డుపడింది. కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ దానివల్ల మెదడులో బ్లీడింగ్ కావచ్చు. టైమ్ దాటితే అదీ ఇవ్వలేం."

అంజమ్మ నా వైపు చూసి, ఇవ్వమంది.

మందు ఇంకా ఎక్కుతుండగానే నా కుడిచేతి బొటనవేలు కదిలింది. అది నా వేలేనా అని చూస్తుండిపోయాను. కాసేపటికి పెదవులు కూడా కదిలాయి. "అంజమ్మా" అన్నాను. పెళ్లయ్యాక ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. అప్పటిదాకా ఏడవని మనిషి గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

అంతటితో అయిపోలేదు. వారం తర్వాత కూడా నీళ్లు అడగబోయి నిప్పు అనేవాణ్ని. కోపం వచ్చేది. మెదడు కొత్త దారి వెతుక్కుంటోందని, ఓపిక పట్టమని డాక్టరమ్మ అనేది. ఫిజియోథెరపీ నెలల తరబడి సాగింది. రెండు గుప్పిళ్ల మాంసపు ముద్దలో ఇన్ని మాటలు, ఇన్ని పేర్లు ఎట్లా ఇమిడాయో, పోయి ఎట్లా తిరిగొచ్చాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇప్పుడు రోజూ బీపీ గోళీ వేసుకుంటాను, చేనుకు పోతాను. చలికి కుడిచెయ్యి కొంచెం మొద్దుబారుతుంది, అంతే.

మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, కాసేపటికి తగ్గినట్టు కనిపించినా ఆగకండి. నోట్లో ఏమీ వేయకండి. ఎప్పటిదాకా బాగున్నారో గుర్తుపెట్టుకుని, స్ట్రోక్‌కు వైద్యం చేసే దవాఖానకు అప్పటికప్పుడే బయలుదేరండి.