మిల్లర్‌ను లాగే బండి

అశోక్‌నగర్‌లో పాత ఇంటి మీద ఇంకో అంతస్తు లేపాలనుకున్న యజమాని ముందు ఇంజనీరును కలుస్తాడు, తర్వాత మంగను కలుస్తాడు. ఇంజనీరు లేకుండా లేచిన అంతస్తులు ఆ సందుల్లో చాలానే ఉన్నాయి. మంగ లేకుండా లేచినవి తక్కువ.

మంగ స్లాబు మేస్త్రి. సొంతూరు మక్తల్ వైపు. పెళ్లైన ఏడాదే భర్త ఎంకయ్యతో పట్నం వచ్చి చిక్కడపల్లి వెనక బస్తీలో రేకుల గది కిరాయికి తీసుకుంది. ఎంకయ్య సెంట్రింగ్ పనికి పోయేవాడు, ఆమె తట్టలు మోసేది. ఒక వానాకాలం నారాయణగూడలో సగం స్లాబు పోశాక, అప్పటి మేస్త్రి యజమానితో మాటామాటా పెరిగి కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. మబ్బు కమ్ముకొస్తోంది. మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే మంగ తట్ట కింద పెట్టి, నిచ్చెన మొదట్లో నిలబడి, "సూస్తరేందే, వాన మీ సుట్టమా ఆగనీకె?" అని కేకేసింది. చినుకు పడేలోగా స్లాబు పూర్తయింది. మర్నాటి నుంచి పని ఉందని చెప్పడానికి వచ్చినవాళ్లు ఆమె గది తలుపే తట్టారు. ఎంకయ్య దీనికి నొచ్చుకోలేదు. "ఇంట్ల మేస్త్రి ఆమెనే. బయట కూడ ఆమెనే అయితే నాకేం నష్టం" అని నవ్వేవాడు.

అశోక్‌నగర్ నిండా సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్ల హాస్టళ్లే. నోటిఫికేషన్ వస్తే హాస్టళ్లు నిండుతాయి. రాకపోతే, వస్తుందని నిండుతాయి. అందుకే అక్కడి ఇళ్లు ఏటా పైకి పెరుగుతాయి. దేశ చరిత్ర బట్టీపట్టి వెల్లకిలా పడుకునే కుర్రాళ్లు, కళ్ల ముందున్న పైకప్పు ఎవరు పోశారని ఏనాడూ అనుకోరు. ఆ ప్రశ్న ఏ పరీక్షలోనూ రాదు. మంగకు దాని మీద బాధేమీ లేదు. కప్పు కారకపోతే చాలు, పేరు దానంతటదే నిలబడుతుందని ఆమె నమ్మకం.

సిమెంటు, ఇసుక, కంకర కలిపే యంత్రాన్ని ఇక్కడ అందరూ మిల్లర్ అంటారు. గుండ్రటి డ్రమ్ము, కింద రెండు చక్రాలు, కలిపిన మాలును పైకి చేర్చే లిఫ్టు చట్రం. ప్రయాణంలో ఆ చట్రాన్ని మడిచి ముందున్న ఇనుప కడ్డీ మీదికి వాలుస్తారు. కడ్డీని బండి వెనక హుక్కుకు తగిలించి లాక్కుపోతారు. మంగ గుంపుకు మిల్లర్ సొంతమే, దాన్ని లాగే బండి మాత్రం ఎప్పుడూ పరాయిదే. బాగ్‌లింగంపల్లిలో కరుణాకర్ అనే ఆయన ట్రాక్టరు కిరాయికి వచ్చేది. దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. మొన్న ఒక పనికి పొద్దెక్కాక వచ్చింది. అప్పటికే సందు నిండా స్కూటర్లు, ఆటోలు. మిల్లర్ లోపలికి పోయేసరికి మధ్యాహ్నమైంది. స్లాబు సగం పోసి, మిగతా సగం మర్నాటికి వదలాల్సి వచ్చింది. స్లాబును రెండు రోజులు పోయడమంటే కొత్తబట్టకు అతుకు వేయడమే. ఆ అతుకు సంగతి అశోక్‌నగర్ అంతా పాకింది.

అది ఇంద్రసేన చెవిన కూడా పడింది. ఆయన ఆ సందులోనే పుట్టి పెరిగి, బషీర్‌బాగ్‌లో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తండ్రి కట్టిన డాబా మీద మంగ గుంపుతోనే ఒక అంతస్తు లేపి హాస్టల్ చేశాడు, ఇప్పుడు రెండోది వేయిస్తున్నాడు. మంగను పిలిపించి గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు.

"మంగమ్మా, నాకు నీ పని మీద అనుమానం లేదు. నీ ట్రాక్టరు మీదనే. ఆదివారం పొద్దున ఆరింటికి నా గేటు ముంగట మిల్లర్ తిరగాలె. తిరగకుంటే పంపోళ్లను పిలుస్త. లారీ మెయిన్‌రోడ్డు మీదనే పెట్టి, పైపుల నుంచి మాల్ కొడతరంట. మనుషులే అక్కర్లేదంట."

"అక్కర్లేని మనుషులే గద సార్ మీ కింది స్లాబు పోసింది."

ఇంద్రసేన నవ్వాడు కానీ మాట మార్చుకోలేదు. "అది సరే. ఆరింటికి తిరుగుతదా?"

"తిరుగుతది. బండి కొంటున్న."

"ఆదివారం లోపట్నా?"

"శుక్రారం లోపట్నే. శనారం దానికి కొబ్బరికాయ కొట్టాలె గద."

మాట అనేసి వచ్చింది కానీ, మంగకు తెలుసు. పంపు ఒక్కసారి ఆ సందులోకి వచ్చి పని చక్కగా చేసిందంటే, ఆ వరసలో మిగతా ఇళ్లన్నీ పంపుకే పోతాయి. తన గుంపు మళ్లీ కూలీల అడ్డా మీద నిలబడి, ఒక్కొక్కరుగా ఎవరు పిలిస్తే వాళ్ల వెంట పోవాలి.

గుంపులో ఒక కట్టుబాటు ఉంది. గుత్తకు పని పట్టి, వచ్చినదాన్ని అందరూ సమానంగా పాళ్లు వేసుకుంటారు. మిల్లర్ కూడా మనిషి కిందే లెక్క, దానికీ ఒక పాలు. దాని బెల్టులు, బేరింగులు ఆ పాలుతోనే. ఇప్పుడు బండి వస్తే బండికీ ఒక పాలు పోతుంది. కాబట్టి మంగ ఒక్కతే పోయి తెచ్చుకునేది కాదు. పాలు తగ్గే ప్రతి మనిషికీ ఎద్దు పళ్లు చూసినట్టు ఆ బండిని చూసే హక్కుంది.

అందుకని ముషీరాబాద్ దగ్గర ఖలీల్ భాయ్ పాత బండ్ల యార్డుకు గుంపు గుంపంతా కదిలింది. ఖలీల్ భాయ్ కుర్చీలోంచి లేచి చూశాడు.

"క్యా మంగమ్మా, బండి కొననీకె వచ్చినవా, బారాత్ తెచ్చినవా?"

"బండి కుదిరితే బారాతే అనుకో భాయ్."

వాళ్లకు తగినవి రెండే పికప్పులు ఉన్నాయి. ఒకటి తెల్లది, పొడుగు తొట్టిది. సీట్లకు కొత్త తొడుగులు, పాటల డబ్బా, తళతళలాడే అద్దాలు. రెండోది పొట్టిది. రంగు వెలిసి ఏ రంగో చెప్పలేకుండా ఉంది. డ్రైవరు తలుపు గట్టిగా లాగితే గానీ పడదు.

మంగ తమ్ముడు నాగేందర్ అప్పటికే తెల్లదాని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. బండి నడపబోయేది అతనే. "అక్కా, ఇదే. ఇంకోటి సూడకు."

తట్టలు మోసే ఆడవాళ్లందరి తరఫునా మాట్లాడే మాసమ్మ తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "మంగక్కా, మనందరం దీంట్ల పడతం. కాళ్లు సాపుకోని కూసోవచ్చు."

"లాంగ్ బాడీ. ఎంత బరువేసినా ఎత్తుతది," అన్నాడు ఖలీల్ భాయ్.

"ఎత్తేది ఉత్త మాట భాయ్. మిల్లర్ గుంజాలె. రెండిటికీ మిల్లర్ తగిలిచ్చి నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కించి సూస్త."

"అరె, నాలుగు సిమెంటు బస్తాలు ఏసుకోని ఒక చక్కర్ కొట్టు, సరిపాయె."

"బస్తాలు కుదురుగ కూసుంటయ్ భాయ్. మావోళ్లు కూసోరు. మావోళ్లతోనే సూస్త."

మర్నాడు తెల్లారగానే పొడుగు బండికి మిల్లర్ తగిలించారు. మంగ నాగేందర్ పక్కన ముందు కూర్చుంది. మిగతావాళ్లు వెనక ఎక్కారు. ఎక్కి, తొట్టి అంత ఖాళీగా ఉన్నా, అందరూ పోయి వెనక అంచు దగ్గరే సర్దుకున్నారు. అది వాళ్ల అలవాటు. చాలా ఏళ్ల కింద మలక్‌పేటలో ట్రాక్టరు నుంచి మిల్లర్ పిన్ను జారి, అది రోడ్డు మీద తనంతట తాను వెనక్కి దొర్లింది. అప్పటి నుంచి ఆ గుంపులో ఎవరూ మిల్లర్‌కు వీపు పెట్టి కూర్చోరు. దాని మీద కన్నేసి, జారితే దూకడానికి సిద్ధంగా, అంచునే కూర్చుంటారు. ముఖ్యంగా మిల్లర్ నడిపే పీరయ్య. ఆయన చూపు దాని మీద ఉంటే అది జారదని ఆయన లెక్క.

బండి ఫ్లైఓవర్ సగం దాకా బాగానే ఎక్కింది. అక్కడ ముందు పోతున్న సిటీ బస్సు ఆగింది. నాగేందర్ బ్రేకు తొక్కాడు. బస్సు కదిలాక క్లచ్చు వదులుతూ స్టీరింగ్ కాస్త ఎడమకు తిప్పాడు. బండి తిరగలేదు. మూతి పైకి లేచి, ముందు చక్రాలు రోడ్డును ముట్టీముట్టనట్టు తేలాయి. తర్వాత బండి, మిల్లర్ రెండూ మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టాయి.

"అక్కా, స్టీరింగ్ నా చేతుల లేదు!"

"హ్యాండ్‌బ్రేకు గుంజు. దుంకుండ్రి అందరు!"

పీరయ్య అందరికంటే ముందే దూకి మిల్లర్ చక్రం కింద రాయి తోశాడు. అది రెండు అడుగులు రాయిని కూడా నెట్టుకుపోయి ఆగింది. వెనకొచ్చిన ఆటోవాడు హారన్ మీద చెయ్యి తీయకుండా, "ఏమ్మా, రోడ్డు మీద స్లాబ్ పోస్తున్నరా?" అని అరిచాడు.

"పోస్తం, పండుకో దాంట్ల!" అంది మాసమ్మ.

మనుషులు దిగగానే ముందు చక్రాలు మళ్లీ రోడ్డు మీద కుదురుకున్నాయి. మంగ వంగి బండిని పక్క నుంచి చూసింది. వెనక చక్రం దాటి తొట్టి బారెడు పైగా బయటికి పొడుచుకొచ్చింది. దాని చివర హుక్కు, హుక్కు మీద మిల్లర్ బరువు, ఆ పైన అంచు మీద కూర్చున్న మనుషులు. ఆమెకు బాల్కనీ గుర్తొచ్చింది. గోడ దాటి ఎంత బయటికి పోతే అంత కిందికి గుంజుతుంది. అందుకే లోపలి వైపు బరువు లేకుండా ఏ మేస్త్రీ బాల్కనీ పోయడు. ఈ బండి చక్రాల మీద పోసిన పెద్ద బాల్కనీ. వెనక కిందికి గుంజితే ముందు లేవక ఏం చేస్తుంది?

మనుషులు నడిచి రాగా, బండిని మిల్లర్‌తో అవతలికి దించి, చాయ్ బండి దగ్గర ఆపారు. పీరయ్య గ్లాసు చేతిలో తిప్పుతూ అన్నాడు. "బండి తప్పేం లేదు బిడ్డా. మనం ముంగటికి జరిగి కూసుంటే అయిపాయె."

"ఇయ్యాల జరుగుతం కాకా. ఎల్లుండి జరుగుతమా?"

"చెప్తే జరగరా?"

"నువ్వే జరుగవు. నువ్వు మిల్లర్‌కు ఈపు పెట్టి కూసుంటవా? పెద్దమ్మతల్లి మీద ఒట్టేసి చెప్పు."

పీరయ్య చాయ్ తాగాడు తప్ప ఒట్టు వేయలేదు. అందరూ నవ్వారు.

"బండిని బట్టి మనుషులు మారరు. మనం ఎట్ల కూసుంటమో గా తీరుకు నిలిచే బండి కావాలె," అని మంగ చీర కొంగు బిగించింది. "పొట్టిదాన్ని తెద్దాం పాండ్రి."

పొట్టి బండి హుక్కు చక్రానికి మూరెడు దూరంలోనే ఉంది. మంగ కింద కూర్చుని చేత్తో కొలిచింది. తొట్టి కింద బరువు మోసే కమాన్ పట్టీలు మందంగా, ఒకదాని మీద ఒకటి దండిగా ఉన్నాయి. ఈసారి ఎక్కేటప్పుడు ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. వాళ్ల అలవాటు ప్రకారమే అంచు మీద కూర్చున్నారు. ఫ్లైఓవర్ మీద అదే చోట ఆపించి, ఇంజన్ కూడా బంద్ చేయించింది. మళ్లీ స్టార్ట్ చేసి కదిలించమంది. బండి ముసలి గేదెలా మూలిగింది కానీ మూతి దించుకునే ఉంది. స్టీరింగ్ ఎటు తిప్పితే అటు పోయింది. దిగుడులో మిల్లర్ వెనక నుంచి నెడుతున్నా బ్రేకు పట్టు వదల్లేదు.

కానీ దాంట్లో సగం మందే పట్టారు. మిగతావాళ్లు ఫ్లైఓవర్ కిందే నిలబడి చూశారు. నిలబడినవాళ్లలో మాసమ్మ ఉంది.

"మంచిగున్నది మంగక్కా. నా పాలు బండి తింటది, నేను దాని ఎన్క నడుచుకుంట వస్త. గిదేనా?"

ఎవరూ నవ్వలేదు. అది నిజం కాబట్టి. నాగేందర్‌కు ఆశ చిగురించింది. "అదే అంటున్న నేను. పొడుగుదైతే అందరు పడతరు. పాటలు కూడ ఉన్నయ్."

"స్టీరింగ్ చేతుల లేనోనికి పాటలెందుకురా?" అని, మంగ మాసమ్మ వైపు తిరిగింది. "అందర్ని ఎక్కించుకోని ఫ్లైఓవర్ మీద నుంచి కింద పడేసే బండి కావాల్నా, సగం మందిని బతికుంచి తీస్కపోయే బండి కావాల్నా? నాక్కూడ సీటు లేదు. ముంగట సీట్ల పీరయ్య కాక కూసుంటడు, అద్దంల నుంచి మిల్లర్‌ను సూసుకుంటడు. దగ్గర పనికి నడుస్తం, దూరం పనికి బస్సుల పోతం. మీతోనే నేను. ఇష్టం లేనోళ్లు ఇప్పుడే చెప్పుండ్రి, బండికి పాలు ఇయ్యం అని."

మాసమ్మ ముక్కు ఎగబీల్చింది. "నువ్వు నడుస్తవా?"

"నడవనీకేమాయె. పుట్టినప్పటి సంది అదే పని."

"అయితే నా టిఫిన్ డబ్బా బండ్ల పోవాలె. అది నడవది."

అలా పొట్టి బండి గుంపులో కలిసింది. శనివారం దానికి కొబ్బరికాయ కొట్టారు. ఆ రంగు వెలిసిన మూతికి పసుపు రాస్తే, మొదటిసారి దానికి ఒక రంగంటూ వచ్చిందన్నాడు ఎంకయ్య.

ఆదివారం ఇంకా చీకటి విడవక ముందే నడిచేవాళ్లు ముందు బయల్దేరారు. అశోక్‌నగర్ ఎంతో దూరం కాదు. వాళ్లు ఇంద్రసేన సందులోకి తిరిగేసరికి అక్కడ అడుగు పెట్టే చోటు లేదు. హాస్టల్ పిల్లల బైకులు, స్కూటర్లు రెండు వైపులా అడ్డదిడ్డంగా ఉన్నాయి. మంగ నిలబడి చూసింది. కాలినడకన వచ్చింది మేలే అయింది. బండితో పాటే అందరూ వచ్చి ఉంటే, మిల్లర్ సందు మొదట్లోనే ఇరుక్కుని ఉండేది.

"పట్టుండ్రి," అంది.

మాసమ్మ అప్పటికే ఒక స్కూటర్ వెనక చక్రం ఎత్తింది. ఇద్దరు ముందు, ఇద్దరు వెనక పట్టి వరసగా గోడ వారకు జరుపుకుంటూ పోయారు. ఒక హాస్టల్ గేటు తెరుచుకుని లుంగీలో ఒక కుర్రాడు కళ్లు నులుముకుంటూ వచ్చాడు.

"అక్కా, అక్కా, అది నా బండి!"

"నీ బండి ఎక్కడికి పోలే బిడ్డా. పక్కింటి గోడను కాపలా కాస్తున్నది. పోయి సదువుకో, నౌకరి కొట్టాలె నువ్వు," అంది మాసమ్మ.

కుర్రాడు వచ్చి తన బైకుతో పాటు ఇంకోదానికి కూడా చెయ్యి వేశాడు.

సందు చివర పొట్టి బండి లైట్లు కనిపించాయి. మలుపు దగ్గర ఎవరిదో కారు మూల బయటికి వచ్చి ఉంది. నాగేందర్ ఆగాడు. అక్కడ రోడ్డు ఎత్తు. మిల్లర్ వెనక్కి గుంజుతోంది. పీరయ్య కిటికీలోంచి సగం బయటికి వంగి, మిల్లర్ చక్రం వైపు చూస్తూ చెయ్యి ఊపాడు. బండి కదలకుండా నిలిచింది. తర్వాత మెల్లగా, కారుకూ మిల్లర్‌కూ మధ్య చెయ్యి పట్టేంత సందుతో, మలుపు తిరిగి ఇంద్రసేన గేటు ముందుకు వచ్చింది.

ఇంద్రసేన నోట్లో బ్రష్షుతో బయటికి వచ్చేసరికి డ్రమ్ము తిరుగుతోంది. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. ఆరు ఇంకా కాలేదు. నోట్లో నురగ ఉమ్మేసి గేటు బార్లా తెరిచాడు.

"నీళ్ల మోటరు ఏయిండ్రి సార్," అంది మంగ.

మొదటి మాలు లిఫ్టులో పైకి పోయింది. ఎదురింటి బాల్కనీలో ఒకాయన నిలబడి చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. అంతకుముందు వారం పంపువాళ్లతో మాట్లాడింది ఆయనే. "ఏమమ్మా, మా ఇంటి స్లాబుకు ఎప్పుడు వస్తవ్?" అని అడిగాడు.

మంగ ఆయన వైపు కాదు, ఆయన గేటు ముందున్న నేల వైపు చూసింది.

"మీ గేటు ముంగట గుంత ఉన్నది సార్. మిల్లర్‌తోని బండి ఆడ తిరగాలె. ముందుగాల దాన్ని పూడ్పియ్యిండ్రి, తర్వాత మాట్లాడుదాం," అని తట్ట అందుకుని మెట్లెక్కింది.