గట్టును నమ్మని మనిషి

మొన్న రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర వానలో బస్సు కోసం నిలబడ్డాను. ఎవరో తడిసిన గోనె సంచులను లారీ మీంచి కిందికి విసురుతున్నారు. ఆ తడి నార వాసన తగలగానే నాకు తెలియకుండానే చున్నీ నడుముకు బిగించుకున్నాను. నూకరాజు గారు పోయి రెండేళ్లవుతోంది. ఇప్పటికీ ఆయన నాకు ఇలాంటి వాసనలతోనే గుర్తొస్తారు.

ఆయన మా ఇరిగేషన్ సెక్షన్లో లస్కరు, అంటే ఏటిగట్టుకు కాపలా మనిషి. నేను కొత్త ఇంజనీరుగా ఆయన ఊరికి వెళ్లిన రోజున, "మనూరు గోదారి ఒడ్డున లేదండి మేడంగారూ, గోదారి కిందుందండి" అన్నారు. వేళాకోళం అనుకున్నాను. వరదల్లో గట్టెక్కి చూస్తే తెలిసింది. ఇటు పల్లంలో ఇళ్లు, అటు వాటి కప్పుల ఎత్తున ఎర్రనీళ్లు. మధ్యన ఉన్నది మట్టికట్ట ఒక్కటే.

అనుమానం పెనుభూతం అని ఊళ్లో అందరూ ఆయన్ని ఆటపట్టించేవారు. ఆయన ఆ భూతంతోనే కాపురం చేశారు. ఎలక కన్నం కనబడితే ఇనుప చువ్వ దింపి లోతు చూసేవారు. వరద రోజుల్లో గట్టుకు ఊరివైపున ఎక్కడ నీరు ఊరినా గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తేవారు. తేటగా ఉంటే గట్టు చెమర్చిందంతే. మట్టినీళ్లయితే గట్టు లోలోపల కరిగిపోతోందన్నమాట. ఇంత తెలిసిన మనిషంటే నాకు గౌరవం ఉండాలి గానీ, ఒళ్లుమంటగా ఉండేది. నేను కొలిచొచ్చిన చోటికి వెళ్లి మళ్లీ తాడుతో కొలుచుకునేవారు మరి!

ఆ ఏడు ఊరికి మంచినీళ్ల పథకం వచ్చింది. బోర్లలో ఉప్పునీళ్లతో విసిగిపోయిన ఊరు అది. గట్టును అడ్డంగా కోసి, ఏట్లోంచి పైపు వేసి, వీధివీధికీ కుళాయిలు పెడతామన్నారు. సర్పంచి గారు కొబ్బరికాయ కొట్టారు. నూకరాజు గారొక్కరే ముఖం ముడుచుకున్నారు. "నీళ్లు రావాలండి, నేనూ తాగేవోణ్ణే. కోసిన గట్టు మళ్లీ గట్టవ్వాలి కదండీ."

కోసిన చోట మట్టిని పొరలుపొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి రోలరుతో తొక్కించాలి. దగ్గరుండి చూడాల్సింది నేను. చిన్నాన్న కూతురి నిశ్చితార్థం అని రాజమండ్రి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి కోత పూడిపోయి, పైన గడ్డి కూడా పరిచేశారు. కాంట్రాక్టరు మనిషి కాగితాలు చాపాడు. సంతకం పెట్టేశాను.

మర్నాడు నూకరాజు గారు అడిగారు. "తొక్కిత్తుంటే మీరు సూసేరాండీ?"

"చూశాను."

"అన్ని పొరలూనాండీ?"

"ఏంటండీ, నన్నే అనుమానిస్తున్నారా?" అని గయ్యిమన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా వాలకం. ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "ఆయ్, సూసేనన్నారు కదండీ" అని వెళ్లిపోయారు. నమ్మారులే అనుకున్నాను.

తర్వాత ఆయన రోజూ పొద్దున్నే సైకిలు మీద ఏవో మూటలు గట్టు పక్కనున్న పంపు షెడ్డు వెనక్కి చేరవేస్తున్నారని విన్నాను. ఏటి ఇసుక దొంగచాటుగా అమ్ముకుంటున్నారేమో అనిపించింది. అదే నిజమైతే ఇక నన్ను వేలెత్తి చూపలేరని లోలోపల సంతోషించాను కూడా. నా బుద్ధి అంత దిగజారింది.

ఆగస్టులో వరద వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం ఆయన కబురుపెడితే పరిగెత్తాను. పైపు వేసిన చోట, గట్టు కింద నీరు బుడబుడమంటోంది. గ్లాసు నా చేతికిచ్చారు. టీ రంగు నీళ్లు. ఎదురుగా బడి, దాని వెనక ఊరంతా ఉంది. ఇసుక తెద్దామంటే రేవులన్నీ మునిగే ఉన్నాయి.

ఆయన షెడ్డు వెనక్కి నడిచి టార్పాలిన్ లాగారు. నింపి, మూతులు కుట్టిన ఇసుక సంచులు నడుమెత్తున ఉన్నాయి. నేనూ చున్నీ నడుముకు బిగించాను; ఆడా మగా వరుసలో నిలబడి అందించుకుంటూ ఊట చుట్టూ కట్టలా పేర్చాం. దాని లోపల నీరు నిలిచి ఎత్తు పెరిగేకొద్దీ ఊట ఊపు తగ్గింది. నాలుగింటికి గ్లాసులో తేటనీళ్లు కనబడ్డాయి. నేను అక్కడే బురదలో కూలబడి ఏడ్చాను.

"ఎప్పుడు నింపారివన్నీ?"

"మీరు సూసేనన్న మర్నాటి నించండి."

"అబద్ధమని తెలిస్తే పైవాళ్లకి చెప్పొచ్చు కదండీ?"

"సెప్తే మిమ్మల్ని మార్చేత్తారండి. కొత్తగా వచ్చినోరు ఎలాంటోరో మళ్లీ నాకు తెలీదు. మీరైతే ఇకనించి సూత్తారు."

వరద తీశాక ఆ కోతను మళ్లీ తవ్వించి, పొర పొరకూ ఎండలో నిలబడి తొక్కించాను. ఆయన నా వెనకే వచ్చి పరీక్షించుకున్నారు. ఈసారి నాకు కోపం రాలేదు. ఆ తర్వాత ఎన్ని ఊళ్లు మారినా, కళ్లతో చూడనిదానికి సంతకం పెట్టలేదు.

అదొక్కటే మిగిలుంటే ఇంత బాధ ఉండేది కాదు. వరద వచ్చిన ఆ నెలలోనే పంచాయతీ ఆఫీసు ముందు సభ పెట్టి, ఊరిని కాపాడిన ఇంజనీరమ్మ అని నాకు శాలువ కప్పారు. నూకరాజు గారు వెనక నిలబడి అందరితో పాటు చప్పట్లు కొట్టారు. మైకు నా చేతిలోనే ఉంది. పైవాళ్లకు తెలిస్తే ఏమవుతుందోనన్న భయంతో, అందరికీ ధన్యవాదాలని చెప్పి దిగిపోయాను. ఆ శాలువ బీరువాలో మడత విప్పకుండా ఉంది. ఆ ఊరివాళ్లెవరైనా ఇది చదివితే తెలుసుకోండి. మిమ్మల్ని ముంచబోయింది నేనండీ, కాపాడింది ఆయన.